తలకీ తోకకీ మధ్య

కళింగపట్నం ఒడ్డున తల్లి నెత్తళ్ళు ఎండబెడుతోంది. విశాఖ ల్యాబులో పనిచేసే కూతురు సెలవుకొచ్చి పక్కనే కూర్చుంది.

"ఏటే, మొకం ఎలిగిపోతన్నాది?"

"నిరుడు నీ నడుం సుట్టూ పాములాగ సర్పి పొక్కులు లేసినాయి సూడు, ఆ వైరస్సుని మా గాజు పళ్ళెంలో ఆపగలిగినామమ్మా."

"ఎలాగే?"

"ఒక్క మందే కొంచెం ఏస్తే అది ఆగనేదు. ఎక్కువేస్తే పళ్ళెంలో ఉన్న మంచి కణాలు కూడా సచ్చిపోనాయి. ఇంక వదిలీమన్నారు మా సారు. ఆకర్న రెండు మందులు కొంచెం కొంచెం కలిపి ఏసినాను. వైరస్ ఆగిపోనాది, కణాలు బతికున్నాయి."

"ఒకటి తల పట్టుకుంటే ఇంకోటి తోక పట్టుకున్నాదన్నమాట."

"అలాగే అనుకో. మనుషులకి ఇవ్వాలంటే ఇంకా సానా పనున్నాది."

"సర్పికి తలా తోకా కలిసిపోతే మనిషి దక్కడంటారని నేనేడిస్తే, అప్పుడు నవ్వినావు."

"పైకి నవ్వినాను. మందు రాసినప్పుడల్లా జానెట్టి కొలిసీదాన్ని, రెంటికీ ఇంకెంత ఎడముందోనని."

"నాకు తెల్దేటి? నీ సెయ్యి వణికీది."

"తెలిసీ ఊరుకున్నావా అమ్మా?"

"ఏదీ, ఆ సెయ్యి ఇలాగియ్యి. ఊఁ, ఇప్పుడు నిలకడగా ఉన్నాది."