నాంచారమ్మ మూరల చదువు

నాంచారమ్మ దండ కట్టిందంటే ఆ దండలో గాలి కూడా దూరేది కాదంట. పువ్వుకి పువ్వు ఆనించి, అరటినార బిగలాగి ముడేసిందంటే, ఆ దండ తీసుకెళ్ళి గోడకేసి కొట్టినా ఒక్క రేక రాలదు. వాగు ఇవతల ఒడ్డున జాజులపాడని ఒక ఊరు, ఆ ఊళ్ళో ఉండేది ఈవిడ. ఊరంతా కనకాంబరాలూ సన్నజాజులే. పొద్దున్నే కోస్తారు, అన్నాల వేళకి కట్టేస్తారు, గంపలకెత్తుకుని బజారుకి పోతారు. ఏం కొలిచినా మూరే వాళ్ళకి. ఫలానా వాళ్ళ దొడ్డి ఎంతుందిరా అంటే నలభై మూరలు అంటారు, అదీ వాళ్ళ లెక్క. మూరంటే గుర్తొచ్చింది, మీరు పూలు కొనేటప్పుడు ఎప్పుడైనా చూశారా, కొలిచే మనిషి చెయ్యి పొట్టిగా ఉంటది. పొడుగు చేతుల వాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టి కట్టిస్తారు, పొట్టి చేతుల వాళ్ళని బజారుకి పంపిస్తారు. దాన్ని మోసం అనకూడదు, వ్యాపారం అనాలి. సరే, మనం నాంచారమ్మ దగ్గర కదా ఉన్నాం.

ఈ నాంచారమ్మకి సుగుణ అని తోడికోడలు. అన్నదమ్ముల ఇళ్ళు పక్కపక్కనే, మధ్యలో ఒక తాటాకు తడిక, అంతే. నాంచారమ్మ పెద్దకోడలు. చెడ్డ మనిషి కాదమ్మా, ఆ మాట అంటే కళ్ళు పోతాయి. సుగుణకి జ్వరమొస్తే జావ కాచి పోసేది. జ్వరం తగ్గి సుగుణ నవ్వుతూ లేచి తిరుగుతుంటే మాత్రం చూడలేకపోయేది. ఆ ఇంట్లో గేదె ఈనితే ఈ ఇంట్లో పాలు విరిగేవనుకో, అట్లాంటి అసూయ. ఇద్దరూ ఐదో తరగతి దాకా చదివినోళ్ళే. ఇద్దరికీ ఒక్కొక్కరే సంతానం, నాంచారమ్మకి భూలక్ష్మి, సుగుణకి పానకాలు. పిల్లలిద్దరికీ పదకొండేళ్ళు, ఇద్దరూ ఐదో తరగతే.

అట్లా ఉండగా ఏమైందంటే, ఆ ఏడు శ్రావణంలో వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. బడేమో అవతలి ఒడ్డున. పెద్దవాళ్ళు బల్లకట్టు మీద గంపలు పెట్టుకుని, తాడు పట్టుకుని దాటతారు గాని, ఆ నీళ్ళ వేగంలో పిల్లల్ని ఎక్కించే ధైర్యం ఎవరికుంటది? ఊళ్ళో చాలామంది పిల్లల్ని తోటల్లో పూలకోతకి పంపేశారు. ఒకరోజు హెడ్మాష్టరుగారే పంచె ఎగ్గట్టుకుని బల్లకట్టెక్కి వచ్చి, పుస్తకాలూ ఒక కట్ట తెల్ల కాగితాలూ ఇచ్చి, అమ్మా, మీరిద్దరూ అక్షరం వచ్చినవాళ్ళు, పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టండి, రోజూ కాస్త చదివించండి, కాస్త రాయించండి అన్నాడంట. కార్తీకం వెళ్ళాక నీళ్ళు తగ్గుతాయి, అప్పుడు పరీక్ష పెడతాను, నెగ్గితే ఆరో తరగతి, లేకపోతే మళ్ళీ ఐదే అన్నాడు. పానకాలు ఆరులోకి పోయి భూలక్ష్మి ఐదులో మిగిలిపోయిందనుకో, ఆ తడిక ఇవతల ఇంక నాంచారమ్మ బతికేదెట్లా? “కాస్త అంటే ఎంతండీ పంతులుగారూ?” అని ఒడ్డు దాకా వెంటపడి అడిగిందంట. ఆయన అప్పటికే బల్లకట్టెక్కేశాడు. “కాస్తంటే కాస్తేనమ్మా, సమంగా!” అని అక్కణ్ణించి అరిచి వెళ్ళిపోయాడు. చదువుకున్నోళ్ళతో వచ్చిన చిక్కే అది.

మర్నాడు పొద్దున్నే తడిక అవతల పానకాలు పైకి చదువుతున్నాడు. చదువుతూ మధ్యలో పకపకా నవ్వుతున్నాడు. వాడితో పాటు సుగుణా నవ్వుతోంది. నాంచారమ్మ చేతిలో నార తెగిపోయింది. ఏం చదివిస్తోందే అది, అంత నవ్వులేంటి? మనమేం తక్కువ తిన్నామా అని, భూలక్ష్మిని కూర్చోబెట్టి, పాఠం మొత్తం చూసి రాయమంది. రాసిన కాగితాలు వసారాలో వరసగా పరిచింది. పరిచి, ఏం చేసిందనుకున్నారు? మోచెయ్యి ఆనించి కొలిచింది! నాలుగు మూరలొచ్చింది. గంప ఎత్తబోతున్న మొగుడు కోటయ్య అది చూసి, “ఏమే, ఇవి కూడా బజారుకి తీసుకెళ్ళమంటావా?” అన్నాడంట. “నువ్వు నోరు మూసుకుని బల్లకట్టెక్కు” అంది. తర్వాత తడిక దగ్గరకెళ్ళి, “సుగుణా, మీవాడు ఇవాళ ఎన్ని మూరలు రాశాడే?” అని అడిగింది. సుగుణ తెల్లబోయి, “మూరేంటక్కా, జానెడు కూడా ఉండదు” అంది. ఉన్నమాటే చెప్పింది పాపం. నాంచారమ్మ నమ్మితేగా! ఓహో, దాస్తోంది, అసలు పని నేను చూడకుండా చేయిస్తోంది అనుకుంది. అసూయ ఉన్న చెవికి నిజం చెప్పినా అబద్ధంగానే వినపడుద్ది మరి.

అక్కణ్ణించి చూడు, నాలుగు మూరలు ఆరైంది, ఆరు తొమ్మిదైంది. అవతల చదివిన చప్పుడు వినపడితే ఇవతల అంతకన్నా గట్టిగా చదవాలి. అవతల చప్పుడు ఆగితే, అదిగో రాస్తున్నాడు, నువ్వూ రాయి. మళ్ళీ చప్పుడొస్తే, చదువు. పిల్ల చదివింది బుర్రకెక్కేలోపు రాత, రాత చేతికి పట్టుబడేలోపు చదువు. గొంతు బొంగురుపోయింది, బొటనవేలు వాచింది. నాంచారమ్మే వేలికి వెన్న రాసేది, రాసి, ఇంకో రెండు మూరలే తల్లీ, మా అమ్మవి కదూ అనేది. పిల్లలు మనకంటే తెలివైనోళ్ళు. భూలక్ష్మి ఏం చేసిందంటే, అక్షరాలు లావు చేసింది. మాటకీ మాటకీ మధ్య మేకపిల్ల పట్టేంత ఖాళీ వదిలింది. చదవడానికి ఒకటే పేజీ పట్టుకుని పదిసార్లు అరిచింది. దసరా నాటికి రోజుకి పద్నాలుగు మూరలు! నాంచారమ్మ ఆ పద్నాలుగు మూరలూ పరిచిపెట్టి సుగుణని పిలిచి చూపించింది. సుగుణ ముక్కున వేలేసుకుని, “అమ్మో, మావాడు ఈ జన్మలో రాయలేడక్కా” అంది. ఆ పూట నాంచారమ్మకి నాలుగు ముద్దలు ఎక్కువ పోయినయ్యంట.

ఒకరోజు మధ్యాహ్నం నాంచారమ్మ తోటలో నుంచి వచ్చేసరికి ఇల్లు గప్‌చుప్‌గా ఉంది. కాగితాలున్నాయి, కలం ఉంది, పిల్ల లేదు. తడిక అవతల నవ్వులు. రెండు గొంతులు, ఒకటి పానకాలుది, రెండోది... బొంగురుది. తడిక సందులో నుంచి చూసింది. సుగుణ దండ కడుతోంది. ఎదురుగా ఇద్దరు పిల్లలూ ఒక పుస్తకం పట్టుకుని వంతులేసుకుని చదువుతున్నారు. చదివి, పుస్తకం మూసి, ఆ కథ సుగుణకి చెబుతున్నారు. కాదురా, నక్క ముందు వెళ్ళింది అని ఆ పిల్ల, కాదే, ఎలుగుబంటి అని వీడు, కొట్టుకుంటున్నారు. సరే, ఎవరిది వాళ్ళు నాలుగు వరసలు రాయండి, చూద్దాం అంటోంది సుగుణ. నాంచారమ్మకి కారం పొడి కళ్ళల్లో పడ్డట్టయింది. ఎందుకో తెలుసా? పిల్ల చదువుతున్నందుకు కాదు. రెండు నెలలై ఆ పిల్ల తన ఇంట్లో నవ్వలేదు. ఆ నవ్వు పక్కింట్లో వినపడింది.

విసురుగా వెళ్ళింది. “ఏమే, నా పిల్లని కూడా లాక్కున్నావా? మీ గేదె ఈనింది చాలలేదా?” అంది. “నేను పిలవలేదక్కా, అదే వచ్చింది” అంది సుగుణ. “వస్తే? చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పజెప్పలేవూ?” “దాని వేలు చూశావా అక్కా నువ్వు?” “చూడకుండానే వెన్న రాస్తున్నానా?” అని, పిల్ల రెక్క పట్టుకుని, అది రాసిన కాగితం కూడా లాక్కుని ఇంటికొచ్చేసింది. వచ్చి, అలవాటు కొద్దీ ఆ కాగితాన్ని పరిచి కొలిచింది. జానెడు! ఇదా వీళ్ళ చదువు అని తీసి పారేయబోయింది. పారేయబోయి ఆగింది. అక్షరం పక్కన అక్షరం, మాట పక్కన మాట, ఎక్కడా ఖాళీ లేదు. కూడబలుక్కుని చదివితే కథ మొత్తం ఉంది అందులో, నక్కే ముందు వెళ్ళిందని కూడా ఉంది. పక్కన నిన్నటి పద్నాలుగు మూరలున్నాయి. వాటినీ చూసింది. ఎడం దండ, పువ్వుకీ పువ్వుకీ మధ్య సందులొదిలి కట్టిన దండ! కూలికొచ్చిన పిల్లెవరైనా అట్లాంటి దండ కట్టి తెస్తే మొహాన కొట్టి, విప్పి మళ్ళీ కట్టు అనేది. అట్లాంటి మనిషి, రెండు నెలలై, రోజూ ఎడం దండ కొలుచుకుని మురిసిపోయింది.

ఇప్పుడేం చెయ్యాలి? సుగుణ దగ్గరకెళ్ళి, నువ్వే గెలిచావే అనాలా? ప్రాణం పోయినా అనదు. లేచింది, మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుని తడిక దగ్గరకొచ్చింది. “చూడు సుగుణా, నేను పెద్దకోడల్ని. పిల్లలిద్దరూ నీ వసారాలోనే కూర్చుంటే ఊళ్ళో నన్నేమనుకుంటారు? పొద్దున పూట నీ దగ్గర చదవనీ. మధ్యాహ్నం ఇద్దరూ నా దగ్గర రాయాలి. మీవాణ్ణి కూడా పంపు. పంపకపోతే బాగుండదు” అంది. సుగుణ, “అట్లాగే అక్కా, మూరలు మాత్రం వద్దు” అంది. “మూరలెవరిక్కావాలి? నా దగ్గర ఎడం కుదరదు” అంది నాంచారమ్మ, అదేదో తనకి పుట్టుకతో తెలిసినట్టు.

ఇంక చూడండి తమాషా. సుగుణ ఒక కథ ఎక్కువ చదివించిందనుకో, నాంచారమ్మ వచ్చి, నా రాతకి పొద్దేదీ, పిల్లల్ని వదులు అని గోల. నాంచారమ్మ రెండు వరసలు ఎక్కువ రాయించిందనుకో, ఈసారి సుగుణ వచ్చి, అక్కా, చేతులు నొప్పెడితే రేపు నా పుస్తకం పట్టుకునేదెవరు అని గోల. ఎంత చదివితే అంత రాత, ఎంత రాస్తే అంత చదువు. హెడ్మాష్టరు చెప్పకుండా పోయిన ఆ ‘కాస్త’ ఎంతో, వీళ్ళిద్దరి పోట్లాటలో అదే తేలింది.

కార్తీకం వెళ్ళింది, నీళ్ళు తగ్గినయ్. నలుగురూ అవతలి ఒడ్డుకి వెళ్ళారు. హెడ్మాష్టరుగారు పిల్లలు ఎప్పుడూ చూడని పేజీ ఒకటిచ్చి, చదివి, పుస్తకం మూసి, మీ మాటల్లో రాయండి అన్నాడు. తల్లులిద్దరూ కిటికీ దగ్గర, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గోళ్ళు దిగేటట్టు. ఆయన ఇద్దరి కాగితాలూ చదివాడు, కళ్ళద్దాలు తీశాడు, “ఇద్దరూ ఆరే” అన్నాడు. నాంచారమ్మ సుగుణని కావలించుకుని ఏడ్చిందంట. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ పెద్దమనిషి ఊరుకోక, ఏమర్రా, మీకు చదవడం ఇష్టమా, రాయడం ఇష్టమా అని పిల్లల్నడిగాడు. భూలక్ష్మి ఠక్కున, “నాకు పిన్ని దగ్గర చదవడం ఇష్టమండీ” అంది. నాంచారమ్మ సుగుణ చెయ్యి వదిలేసింది. సుగుణ ఇంకా నవ్వుతూనే ఉంది, అప్పుడు పానకాలు, “నాకు పెద్దమ్మ దగ్గర రాయడమేనండీ ఇష్టం” అన్నాడు. అప్పటిదాకా అసూయంటే ఎరగని సుగుణ మొహం చూడాలి!

వెళ్ళేటప్పుడు చేతులు పట్టుకుని వెళ్ళినోళ్ళు, వచ్చేటప్పుడు బల్లకట్టుకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. పిల్లలు మధ్యలో కూర్చుని నీళ్ళల్లో కాళ్ళాడించుకుంటూ వచ్చారు. అసూయ మంచిదా చెడ్డదా అని నన్నడక్కండి, కాలేజీ దాకా చదివినా ఎవరూ చెప్పలేదు నాకు. ఒకరికే ఉంటే కొంప ముంచుద్ది, ఇద్దరికీ సమంగా ఉంటే పిల్లలు పాసవుతారు, నాకు తెలిసింది అంతే. లేవండర్రా, గేదెలు అరుస్తున్నయ్, పాలు తీసే వేళయింది.