చేప చుట్టిన కాగితం

హలో… ఆ, నేనేనే చెల్లీ. పనిలోనే ఉన్నా. చేపలు కోసే బల్ల దగ్గర్నుంచే మాట్లాడుతున్నా… కత్తి కింద పెట్టేశాలే, భయపడకు.

ముందు ఒకటి చెప్పు. నిన్న పొద్దున మీ బావ తెచ్చిచ్చిన డబ్బా… అదే, తలకాయలూ కార్జాలూ… వండేశావా?

…మొత్తమా?

…లేదు లేదు, పాడవలేదు. తాజావే. రుచి సంగతి వదిలెయ్. గిన్నెలో ఏమైనా మిగిలిందా?… పారబోసెయ్. పిల్లికి కూడా పెట్టకు… చెప్తానే, కాస్త ఊపిరి పీల్చుకోనీ.

మా బుడ్డిదానికి… ఆ, ఆ కడుపునొప్పే. నులిపురుగులనుకున్నాంగా. కాదట. రక్తంలో సీసం ఉందట… సీసమే. బ్యాటరీల్లో ఉంటుందే, అది… మూడేళ్ల పిల్ల బ్యాటరీ ఎందుకు నాకుతుందే! చేపల్లోంచి. ఈ చేపలు పట్టే చెరువు ఎగువన పాత బ్యాటరీలు కరిగించే షెడ్లున్నాయిగా, ఆ నీళ్లు ఇందులోకే దిగుతున్నాయట. చేప ఒంట్లోకి పోయి ఎముకల్లో, మొప్పల్లో, కార్జంలో పేరుకుంటుందట.

…అవును. సరిగ్గా నేను ఏరి ఏరి ఇంటికి తెచ్చేవే. కొనేవాళ్లు వద్దని వదిలేస్తే, అయ్యో, ఇంత బలం పారేస్తారా అని… ముళ్లు మెత్తగా నూరి మరీ తాగించానే దాని చేత. ముక్కు మూసి.

…ఏడవట్లేదు. చేతినిండా పొలుసులు, ముక్కు తుడుచుకోలేక.

…ఉడికించినా పోదట. నేనూ అదే అడిగాను.

…దాన్ని డాక్టర్లు చూస్తున్నారు. అవి మాన్పిస్తే మెల్లగా తగ్గుతుందన్నారు. నేను నీ సంగతి మాట్లాడుతుంటే నువ్వు దాని గురించి అడుగుతావేంటి! నీకు ఆరో నెల. తల్లి నుంచి కడుపులో బిడ్డకీ పోతుందట. ఇవాళే వెళ్లి రక్తం ఇచ్చిరా. సీసం పరీక్ష అని అడుగు… మీ అత్తగారు ఏమన్నా అంటే నా మీద తోసెయ్. మా అక్కే పంపింది, మా అక్కే మానమంది అని చెప్పు.

…నిన్న సాయంత్రమే తెలిసింది. నాలుగుసార్లు నీ నంబరు నొక్కి ఆపేశాను.

…ఎందుకంటే, ఇంకోటి ఉంది. చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

నెల క్రితం ఆరోగ్య శాఖ నుంచి ఒకమ్మాయి వచ్చి కాగితాల కట్ట ఇచ్చింది. చేపలు కోయించుకునేవాళ్లకి తలా ఒకటి ఇవ్వమంది. సరే అన్నాను. ఏ పథకం కాగితాలో అనుకున్నా, చదవలేదు. ఐదుతో ఆపేసినదాన్ని, అన్ని అక్షరాలు చూస్తేనే నాకు ఆవలింత. ఆ వారమే చుట్టే కాగితాలు అయిపోయాయి… ఆ. వాటిలోనే చుట్టిచ్చాను అందరికీ. నీకు అప్పుడు పంపినవీ వాటిలోనే. నిన్న ఆస్పత్రిలో నర్సు అదే కాగితం నా చేతిలో పెట్టింది. చేప బొమ్మ మీద అడ్డంగా ఎర్రగీత…

…ఏంటీ?

…నీ దగ్గరుందా? చదివావా? ఎప్పుడు?

…మూడు వారాలైందా! మరి చదివి కూడా ఎలా తిన్నావే? పది పాసైనదానివి, గర్భిణులు తినకూడదని అంతంత అక్షరాలతో వేస్తే…

…ఏమన్నావ్? మళ్లీ అను.

…అక్క పంపింది కదా, అక్కకి తెలీదా అనుకున్నావా.

 

…ఒక్క నిమిషం పెద్దమ్మా… చెల్లీ, పెట్టకు, చేపలు కోయించుకునే పెద్దమ్మ వచ్చింది… పెద్దమ్మా, ఆ తలకాయలు అక్కడ పడెయ్యండి. మీ మనవడికి అసలే వద్దు… అవును, బలమని నేనే చెప్పాను. నాకేమీ తెలీదు పెద్దమ్మా. తెలీకుండానే చెప్పాను. ఇదిగో, ఈ కాగితం… చుట్టడానికి కాదు. పట్టుకోండి. కళ్లజోడు లేకపోతే ఏం, నేనే చదువుతాను. మెల్లగా చదువుతాను, మీరు మధ్యలో వెళ్లిపోకండి.

చెల్లీ… చెప్పులేసుకున్నావా?… సరే. బయల్దేరు. పెట్టేస్తున్నా.