నాలుగు బేసు డబ్బాలు, ఎండిన బోరు

బత్తలపల్లె బస్టాండులో బయమ్మ టీ అంగడి. కదిరిలో కొత్త ఇల్లు కట్టుకున్న ఎర్రన్న, మేడమీద సినిమా చూసేకి ఒక రూము కట్టించినాను, దాంట్లో సౌండు బెంగళూరోళ్లతో పెట్టించాల్నో ఇంకెవరితో పెట్టించాల్నో తెలీడంలేదు అన్నాడు. మైకుసెట్లు బాడుగకిచ్చే తిప్పేష్‌కు అంత చాలు. ఆ పని తనకే రావాలని టీ గ్లాసు పక్కన పెట్టి మొదలుపెట్టినాడు.

"బెంగళూరోళ్ల మాట ఎత్తద్దు ఎర్రన్నా. పోయినేడు కొత్తచెరువులో ఒక కాంట్రాక్టరు, నీ రూమంతే రూము, నాలుగు బేసు డబ్బాలు, అదే గుండెలదిరేట్టు మోగే స్పీకర్లు, తెచ్చి నాలుగు మూలల్లో పెట్టించినాడు, తీరా చూస్తే గోడ పక్కన కూర్చుంటే గుండె అదురుతాది, నడుమ సోఫాలో కూర్చుంటే డప్పు యాడో పక్కూర్లో కొట్టినట్టుంటాది. బెంగళూరోళ్లు వచ్చి చేతులెత్తేసినారు. అప్పుడు నన్ను పిలిచినారు."

"పిలిచినారా, నువ్వే పోయినావా?" అన్నాడు ఆటో కుళ్లాయప్ప.

"నడమల రావద్దప్పా. పోయి ఆ సౌండు ఇంటూనే నాకు అర్థమైపాయ. డబ్బాలన్నీ జోడు కుదరని ఎద్దుల మాదిరి, ఒకటి ముందుకు లాగితే ఇంకోటి ఎనక్కి లాగుతాండాది, సోఫాలో కూర్చున్నోనికి ఏమీ మిగల్లే. మీటర్లు, కంప్యూటర్లు నాకెందుకు? నేల కింద నీళ్లకు బోరు పాయింటు చూసినట్టే అరచేతిలో టెంకాయ పెట్టుకోని, పాట పెట్టించి, రూమంతా నడిచినా. యాడ టెంకాయ నిక్కి నిలబడితే ఆడ డబ్బా పెట్టమన్నా."

"నిలబడిందా?" అడిగింది బయమ్మ.

"నిలబడేదేంది, గిర్రున తిరిగింది. ఆపైన ఈక్వలైజరు పట్టుకోని, గుయ్యిమనే సౌండు ఒక్కదాన్నే దించి, ముందరి డబ్బా రవ్వంత ఆలస్యంగా మోగేట్టు చేసినా. అంతే, యాడ కూర్చున్నా ఒకటే బేసు. చెవులు పూర్తిగా పోయిన కాంట్రాక్టరు నాయన లేచి కూర్చోని, ఎవరప్పా డప్పు కొట్టేది అన్నాడు."

"మా రూముగ్గూడా అట్లనే చేస్తావా?" ఎర్రన్న ముందుకు జరిగినాడు. పని దాదాపు చేతికొచ్చింది. తిప్పేష్ ఆడికి నిలిపింటే బాగుండు.

"అదేం గొప్పన్నా. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? బేసు గోడలు దాటి భూమిలోకి దిగింది. వానల్లేక నేల గట్టిపడి కూలోళ్లు పెరకలేక ఇడిచిపెట్టిన చెనిక్కాయ చెట్లు, వాటంతట అవే పైకి లేసి, మట్టి ఇదిలించుకోని గట్టున పడినాయి. ఇంకా సౌండు పెంచితి. కాంట్రాక్టరుకు ఎండిపోయిన బోరు ఒకటుండాది, మోటరు లేకుండానే తాటిచెట్టంత ఎత్తుకు నీళ్లు ఎగజిమ్మింది. వంకలు పారినాయి. నేనే భయపడి తగ్గించినా, లేకుంటే ధర్మవరం మునిగిపోయుండు."

ఎర్రన్న నవ్వలేదు. "తిప్పేషూ, రూము సంగతి ఇడిసిపెట్టు. నీళ్లు లేక నా చీనీతోట ఎండిపోతాండాది. ఇప్పుడే నీకాడుండే డబ్బాలు నా జీపులో ఏసుకుందాం, బోరుకాడ మోగించు. నీళ్లు పడితే రూము పనీ నీదే."

తిప్పేష్ టీ గ్లాసు మళ్లీ చేతికి తీసుకున్నాడు. "అది... నేల వేరన్నా. నీ చేన్లో కింద బండ ఉంటాది."

బయమ్మ గ్లాసులు కడుగుతానే అనింది. "పోయే దావలో తిప్పేషన్న ఇంటికాడ రవ్వంత నిలుపు ఎర్రన్నా. ఆయన పెండ్లాం జయంతి పొద్దున్నుంచీ ట్యాంకరు కోసరం బిందెలు వరసలో పెట్టుకోని కూర్చోనుండాది. ముందు ఆ ఇంటి ఎండిన బోరుకాడ మోగించమను."

కుళ్లాయప్పకు టీ పొలమారింది. ఎర్రన్నకు గూడా అప్పుడు నవ్వొచ్చింది. లేచి, "రూముకు బెంగళూరోళ్లనే పిలుస్తాలేప్పా," అని జీపెక్కినాడు.