ముప్పై ఏడో నంబరు ఇంటి మీద అభ్యంతరం

టౌన్ ప్లానింగ్ ఆఫీసు, మొదటి అంతస్తు. అభ్యంతరాల విచారణ. బల్లకి ఒకవైపు ఆఫీసరు. ఇటువైపు పశువుల డాక్టరు, ఆమె ఆసుపత్రి కోసం తీసుకున్న ఇంటి పక్కింట్లో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు.

"కుక్క లేదు సార్! ఆ ఇంట్లో కుక్క లేదు, పిల్లి లేదు, కరెంటు మీటరు కూడా లేదు. తాళం వేసిన ఇంట్లోంచి మొరుగుళ్లెలా వస్తాయి?"

"డాక్టరుగారూ, మెల్లగా. పక్క సెక్షన్ వాళ్లు లేచి చూస్తున్నారు."

"చూడనివ్వండి. మూడోసారి తిరుగుతున్నా మీ ఆఫీసు చుట్టూ. మొదటిసారి రోడ్డు వెడల్పు చాలదన్నారు, ఇల్లు మార్చా. రెండోసారి బళ్లు ఆపుకునే జాగా లేదన్నారు, మళ్లీ ఇల్లు మార్చా. ఇప్పుడేమో లేని కుక్కలు మొరుగుతున్నాయంటారు. ఇంకెక్కడ పెట్టను ఆసుపత్రి, మీ నెత్తి మీదా?"

"నేననలేదు మేడమ్. అభ్యంతరం పెట్టింది మాస్టారు. నలభై ఒక్క సంతకాలున్నాయి. ఎదురుగానే ఉన్నారుగా, అడగండి."

"అడుగుతా. మాస్టారూ, మీకు నేనేం అపకారం చేశానండీ?"

"కొంచెం గట్టిగా చెప్పమ్మా. ఈ చెవి మిషను రోజుకో రకంగా మొరాయిస్తుంది."

"మీకు నేనేం అపకారం చేశాను అంటున్నా!"

"అపకారం కాదమ్మా, పద్ధతి. నీది ముప్పై ఏడు, నాది ముప్పై ఆరు. మధ్యలో ఒక్క గోడ. ఇళ్ల మధ్య ఆసుపత్రి పెట్టాలంటే ముందు పర్మిషన్ రావాలి, తర్వాత తలుపు తియ్యాలి. నువ్వు ముందే తీశావు. మూడు వారాలుగా అరుపులు. వాసన. ఈగలు. తేదీలు, వేళలు అన్నీ రిజిస్టరులో రాశా. ఒరేయ్, చూపించు ఆవిడకి."

"ఇదిగో మేడమ్..."

"మిమ్మల్ని ఒరేయ్ అంటున్నారేంటి?"

"అంటే... మాస్టారి దగ్గరే చదువుకున్నా. ఆరు నుంచి పది దాకా."

"ఓహో, అదన్నమాట! నేనొస్తే తల కూడా ఎత్తని మనిషి, ఈయన రాగానే కుర్చీ తుడిచి మరీ వేశారు. గురుభక్తి ఇంటి దగ్గర చూపించుకోండి సార్. ఇది ఆఫీసు."

"వాడి మీద పడకమ్మాయ్. వాడికి నేను లెక్కల్లో పాసు మార్కులు కూడా ఊరికే వెయ్యలేదు."

"నిజమే మేడమ్. రెండుసార్లు పోయింది."

"ఈ రిజిస్టరులో పన్నెండో తారీఖు కొట్టేసి ఉందేంటి?"

"పదమూడు. పొరబాటున పన్నెండు వేశా. నేను తప్పు చెరపనమ్మా. గీత కొట్టి, సరైనది పైన రాసి, పక్కన సంతకం పెడతా. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి నేర్పింది అదే."

"బావుంది. చాలా బావుంది. పదకొండున్నర, మూడు. పదకొండున్నర, మూడు. రోజూ అవే వేళలు. జబ్బు చేసిన కుక్కలు బడి గంట కొట్టినట్టు మొరుగుతాయా? ఇవి తిండి వేళలండీ. ఎవరో గిన్నె తెస్తుంటే ఎగబడుతున్నాయి. మీ చెవులతో విన్నారా ఇదంతా?"

"నాకెక్కడ వినపడుతుంది? మూడింటికి మిషను తీసి పక్కన పెట్టి పడుకొని ఉంటా. మా అల్లుడు వేళలు చెప్తాడు, నేను రాస్తా. ఎదురింటావిడ కూడా అడిగింది, మీ వైపు నుంచి ఆ మొరుగుళ్లేంటని. అప్పుడే అల్లుడన్నాడు, ఆ డాక్టరమ్మ దొంగచాటుగా మొదలెట్టేసింది మామయ్యా అని."

"అల్లుడన్నాడు. మీరు రాశారు. నలభై ఒక్కమంది గీకేశారు. ఈ సార్ నా పొట్ట కొడుతున్నారు. అద్భుతం!"

"పొట్ట కొట్టడమేంటి మేడమ్, రూలు. పర్మిషన్ లేకుండా నడిపినట్టు తేలితే దరఖాస్తు కొట్టెయ్యాలి. మూడేళ్ల దాకా మళ్లీ పెట్టుకోకూడదు."

"మూడేళ్లు! మొన్న ఏం చేశానో తెలుసా సార్? కారు బానెట్ మీద దుప్పటి పరిచి పిల్లికి కుట్లు వేశా. మండుటెండలో. దాని యజమాని గొడుగు పట్టింది. నిన్న ఒక కుక్క నా వెనక సీట్లో చచ్చిపోయింది. బల్ల ఉంటే బతికేది. ఒక బల్ల, ఒక లైటు, ఒక కుళాయి. అంతేగా నేనడిగేది? ఇంకో మూడేళ్లు బానెట్ మీదే కొయ్యమంటారా?"

"అరిస్తే అబద్ధం నిజమవదమ్మా. నా దగ్గర రుజువుంది."

"ఏం రుజువు?"

"రికార్డింగు. కాగితాలతో పాటే ఇచ్చా. ఏరా, విన్నావా?"

"అంటే మాస్టారూ... పెన్ డ్రైవు కవర్లో పెట్టి, ఫైలుకి పిన్ను కొట్టి భద్రంగా..."

"వినలేదు! పదో తరగతిలోనూ ఇంతే. పుస్తకానికి అట్ట మహా బాగా వేసేవాడు. లోపల పేజీ తిప్పేవాడు కాదు."

"పెట్టండి సార్. నా ఇంట్లో ఏది మొరుగుతోందో నేనూ వింటా."

"మేడమ్, లంచ్ టైము..."

"పెట్టండి!"

"పెడుతున్నా, పెడుతున్నా. ఇదిగో... ఇదేంటి, ఎవరో దగ్గుతున్నారు. మాస్టారూ, మీరేనా?"

"ఏమంటున్నాడు వీడు?"

"ఆపండి. వెనక్కి తిప్పండి. మళ్లీ."

"దగ్గే మేడమ్."

"దగ్గు కాదు. కాసేపు నోరు మూసుకుంటారా? ... దేవుడా. అది కుక్క. దాని గొంతులో తీగలు కోసేశారు."

"కోసెయ్యడమేంటి?"

"అరుపు బయటికి రాకుండా. గదిలో డజన్ల కొద్దీ కుక్కల్ని కుక్కి, ఈతల మీద ఈతలు ఈనించి, కూనల్ని అమ్ముకునేవాళ్లు చేసే పని. నోరు తెరిచి లోపల కోసేస్తారు. ఇక గాలి తప్ప గొంతు రాదు. ఇదొకటి... ఇదింకొకటి... మూడు. ఆ సన్నటి కుయ్‌కుయ్‌లు కూనలు, కళ్లు కూడా తెరిచి ఉండవు. ఒక్కదానికి మాత్రం గొంతుంది. కొత్తగా తెచ్చి ఉంటారు. ఎదురింటావిడకి వినపడింది అదే. ఎవడు సార్ వీడు? నా చేతికి దొరకాలి, ఆ కత్తెరతోనే..."

"గట్టిగా చెప్పండర్రా! ఏం కోశారంటోంది?"

"కుక్కల గొంతులు మాస్టారూ! అరవకుండా!"

"ఛీ! చదువుకున్నదానివి, మూగజీవాల గొంతు కోస్తావా?"

"నేనా? మాస్టారూ, నేనా?"

"నీ ఇంట్లోంచేగా వస్తున్నది!"

"ఈ రికార్డింగుకి ఫోను ఎక్కడ పెట్టారు మీరు?"

"మా వెనక వరండా కిటికీలో. పడుకునే ముందు పెట్టా. నా చెవికి అందకపోతే ఫోనుకైనా అందుతుందని."

"మా గోడ మీ వంటింటి వైపు కదండీ. వెనక వరండాకీ మా ఇంటికీ సంబంధమేంటి?"

"ఏ వైపైతేనేం, అరుపు నాలుగు వైపులా పోతుంది."

"ఈ రికార్డింగు సంగతి మీ అల్లుడికి చెప్పారా?"

"పెడదామా అంటే వద్దన్నాడు. కాగితం చాలు మామయ్యా, ఫోనులూ గీనులూ ఎందుకన్నాడు. నేనాగుతానా? లెక్క చేసిన తీరు చూపించకపోతే నేను మార్కులెయ్యను. వాడికి చెప్పకుండానే పెట్టా."

"వరండా వెనక ఏముంది?"

"అల్లుడి గది. మొక్కల వ్యాపారం. అట్టపెట్టెల్లో పెట్టి పంపుతుంటాడు."

"మొక్కలు. అట్టపెట్టెల్లో."

"ఆఁ. గాలాడాలిగా, పక్కలకి కన్నాలు పెడతాడు."

"సార్, విన్నారా?"

"విన్నా మేడమ్."

"మాస్టారూ, ఆ గదిలోకి మీరెప్పుడైనా వెళ్లారా?"

"పురుగుమందులుంటాయి, నీకు ఆయాసం, రావద్దంటాడు. తాళంచెవి వాడి దగ్గరే. మా అమ్మాయి పొద్దున డ్యూటీకి పోతే మళ్లీ సాయంత్రమే. అయినా ఇదంతా ఎందుకు? కుక్కల సంగతి తేల్చమంటే మొక్కల సంగతి అడుగుతావేంటి?"

"మేడమ్... ఇంకా ఉంది. ఇక్కడ ఎవరో మాట్లాడుతున్నారు."

"సౌండు పెంచండి."

"మగ గొంతు."

"ఇంకా పెంచండి... ఆఁ. విన్నా."

"నేనూ విన్నా మేడమ్."

"ఏంట్రా, ఇద్దరూ మొహాలు చూసుకుంటున్నారు? ఏం వినపడింది?"

"ఏం లేదు మాస్టారూ. గాలి."

"గాలికి నీ మొహం అలా పాలిపోయిందా? ఏమన్నాడు వాడు?"

"సరిగ్గా తెలీట్లేదు మాస్టారూ. వాయిదా వేద్దాం. వచ్చే నెల చూద్దాం."

"వాయిదా ఏంటి సార్? తేలిపోయిందిగా! నా కాగితం మీద సంతకానికి ఇంకేం కావాలి మీకు?"

"మేడమ్, పెద్దాయన..."

"పెద్దాయనే, కాదన్నానా? పోయే మూడేళ్లు నావి!"

"అయితే మీరే చెప్పండి ఆయనకి."

"నేనా? ... నేనెందుకు చెప్పాలి?"

"అమ్మాయ్. ఇందాకటి నుంచి ఆఫీసు పైకప్పు లేచిపోయేలా అరిచావు. ఇప్పుడు గొంతు పడిపోయిందేం? నాకు వినపడదని ఇద్దరూ గుసగుసలా? చెప్పు."

"మాస్టారూ..."

"గట్టిగా!"

"'ష్, అరవకండి, మామయ్య లేస్తాడు' అంటున్నాడండీ. ఆ కుక్కలతో."

"ఇంకోసారి చెప్పు."

"'మామయ్య లేస్తాడు' అని."

"మాస్టారూ, కూర్చోండి. మంచినీళ్లు తాగండి. ఫాను పెంచనా?"

"వద్దు. వాసన వచ్చేదమ్మా. చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదు నాకు. వరండాలో కూర్చుంటే గుప్పున కొట్టేది. ఎరువు మామయ్యా అన్నాడు. ఓ రోజు ఎరువన్నాడు, ఓ రోజు నీ ఇల్లన్నాడు. ఏది చెప్తే అది రాశా."

"మీ అమ్మాయికి తెలుసా అండీ?"

"అది నేను ఇంటికెళ్లి అడగాల్సిన మాట. నీ మందుల పెట్టె కారులో ఉందా?"

"ఎప్పుడూ ఉంటుంది."

"అయితే నాతో రా. తాళం నేను పగలగొడతా. ఒరేయ్, ముందు నా అభ్యంతరం కాగితం ఇలా తే."

"ఉపసంహరించుకుంటారా మాస్టారూ? దానికి ఫారం ఉంది, నేనే నింపేస్తా. డాక్టరుగారి పర్మిషనూ ఇచ్చేస్తాం. ఈ రికార్డింగు మన ముగ్గురి మధ్యే..."

"సార్! అక్కడ కూనలున్నాయి!"

"ఆగండి ఇద్దరూ. ఉపసంహరణ ఎవడడిగాడు? అరుపులు నిజం. వాసన నిజం. ఈగలు నిజం. పర్మిషన్ లేకుండా నడుపుతున్నారు, అదీ నిజం. మొత్తం కాగితంలో తప్పు ఒక్కటే. పెన్నియ్యి."

"మాస్టారూ, ఒక్కసారి ఆలోచించండి. మీ ఇంటి పరువు..."

"పెన్నియ్యరా! ... చూశావా, ముప్పై ఏడు మీద గీత కొట్టా. పైన ముప్పై ఆరు రాశా. ఇదిగో, పక్కన సంతకం."