చేదెక్కిన నేరేడు వైను

క్రిస్మస్ మర్నాడు, బారిడీహ్ కాలనీ క్వార్టర్ వంటింట్లో భార్య తను పెట్టిన నేరేడుపళ్ల వైను జాడీలోంచి ఒక గుక్క తాగి, మొహం చిట్లించి భర్తని పిలిచింది.

"ఏటండీ, వైను ఇంత చేదుగుంది?"

"నేరేడుపళ్లు వగరు కదే!"

"వగరా, మీ నల్లబీరా? వైను తాగీసి, తెలీకుండా బీరుతో నింపీసారు కదూ?"

"ఒక్క సీసాయే పోసేను. ఎవరికీ చెప్పకే."

"నిన్న పాస్టరుగారికి ఇదే ఇచ్చేను."

"ఓలమ్మో! బీరు ముట్టినోడికి పరలోకం లేదని మొన్నే కదే ప్రసంగం చేసేరు! ఏటన్నారు?"

"రెండో గ్లాసడిగేరు."

"బతికించేవు!"

"ఇంత బాగా ఎలా చేసేవమ్మా అన్నారు. నాకప్పుడే అనుమానమొచ్చి, ఆ కిటుకు మా ఆయనకే తెలుసన్నాను. కనుక్కోడానికి సాయంత్రం వత్తన్నారు."