ఎనిమిది సెంటీమీటర్ల సందు

నార్సింగిలో ఓ అద్దాల టవరు కింద సెల్లార్. క్యాబ్ డ్రైవర్ భాస్కర్‌ని చంపాడంటూ, పోలీసులు వచ్చేలోపే వాచ్‌మన్ మధును స్తంభానికి కట్టేశారు. తలకు టోపీ పెట్టుకుని, రాడ్డు పట్టుకుని నిలబడ్డవాడు భాస్కర్ దోస్తు బాలనర్సయ్య. అడ్డంగా నిలబడ్డది భాస్కర్ చెల్లెలు సంధ్య, మూసాపేట బడిలో ఫిజిక్స్ టీచరు.

“జరుగు చెల్లె. ఇంకొక్కటి ఏస్తే వీడే ఒప్పుకుంటడు.”

“ఆగన్నా. పండ్లు రాలగొట్టినవ్. ఏ నోటితోని ఒప్పుకుంటడు?”

“నీ అన్నను సంపినోని మీద జాలేంది నీకు? పాణం పోయేటప్పుడు భాస్కర్ ఏమన్నడు? నీ చెవుల్నే కదా అన్నది.”

“‘గుండు’ అన్నడు. గంతే. ‘గుండు, గుండు’ అనుకుంటనే పోయిండు.”

“మరి? పోటీల్ల ఇనుప గుండు ఇసిరేటోడు ఈడ ఇంకెవడున్నడు? పార్కింగ్ కాడ లొల్లి గూడ వీనితోనే అయింది. కొట్టి, గుండు తీస్కపోయి చెరువుల పారేసిండు.”

“మధూ, నీ గుండు ఎంత బరువు?”

“ఏడు కిలోలు మేడం... పోయిన నెలనే ఎవరో ఎత్కపోయిన్రు... నేను కొట్టలే...”

“నోర్ముయ్ రా.”

“కొట్టకన్నా. కొట్టకు. జర లెక్క చెయ్యనీ.”

“అన్న శవం దవాఖానల ఉంటే లెక్కలేంది, పంతులమ్మా?”

“అన్న కూసున్న క్యాబ్ తలుపులు లోపట్నుంచి లాక్ ఉన్నయ్. అద్దం పలగలే. అద్దం మీద నాలుగు వేళ్లంత సందు, ఎనిమిది సెంటీమీటర్లు. కణతకు దెబ్బ ఆ సందులకెల్లే పడ్డది. అవునా?”

“అయితే?”

“ఇనుము సాంద్రత ఏడు పాయింట్ ఎనిమిది. ఏడువేల గ్రాములను దాంతోని భాగిస్తే ఘనపరిమాణం దగ్గరదగ్గర తొమ్మిదొందలు. గోళం కాబట్టి నాలుగు బై మూడు పై ఆర్ క్యూబ్... ఆర్ క్యూబ్ రెండొందల పద్నాలుగు. ఆరు ఆర్ల ముప్పై ఆరు, ముప్పై ఆరు ఆర్ల రెండొందల పదహారు. వ్యాసార్థం ఆరు.”

“ఆరే కదా. ఎనిమిది సందుల ఆరు పట్టదా? ఇగ తప్పుకో, వీని తల పలగ్గొడ్త.”

“ఆరు సగమే అన్నా. నడిమిట్ల నుంచి అంచు దాక. గుండు మొత్తం పన్నెండు. ఆ సందుల దూరదు.”

“మరి... దేంతోని కొట్టిన్రంటవ్?”

“సన్నగ, పొడుగ్గ ఉన్నదాంతోని. నీ చేతిల ఉన్నసొంటిది.”

“ఏం మాట్లాడుతున్నవ్ చెల్లె? గుండన్నడని నువ్వే అంటివి గద.”

“అన్నడు. దేంతోని కొట్టిన్రో చెప్పిండనుకున్న. ఎవరు కొట్టిన్రో చెప్పిండు. నువ్వు వేములాడ గుడికి పోయి మొక్కు తీర్చుకొచ్చిన కాంచి అన్న నిన్ను పేరుతోని పిలుస్తలేకుండెనట. సెల్లార్ల ఎండ లేదు గద. ఆ టోపీ తియ్యన్నా.”