బాతుపిల్లల స్నానం

పెరటి గదిలో బల్బు వెచ్చదనానికి నాలుగు రోజుల బాతుపిల్లలు ముడుచుకున్న అట్టపెట్టె ముందు కోడలు గొంతుక్కూర్చుని రంపపు పొట్టు మారుస్తోంది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. మామగారు వెనకే నిలబడ్డారు. ఆయన చేతిలో తువ్వాలు, తువ్వాల్లో వణుకుతున్న పిల్ల ఒకటి.

“మళ్లీ కడిగారా మామయ్యా?”

“ఒళ్లంతా పొట్టు అతుక్కుపోయింది. చూస్తూ ఎలా ఊరుకోమంటావు?”

“తడిపితే అతుక్కోదా మరి? నిన్ననేగా చలికి ఒకటి పోయింది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను మీకు.”

“తడిపినందుకు కాదమ్మా. తడపకముందే అతుక్కుంది.”

“పొడి పిల్లలకి పొడి పొట్టు ఎలా అతుక్కుంటుంది? అవి దిగకుండా నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేశాను. పొట్టు పూటపూటా మారుస్తున్నాను. నా నడుం పడిపోతోంది కానీ ఇవి మాత్రం జిడ్డోడుతూనే ఉన్నాయి.”

మామగారు గొంతు సవరించుకున్నారు.

“బాతులు తడిస్తే ఏమవుతుందని నేనడిగితే నువ్వేగా చెప్పావు, తల్లి ఒంటి నూనె అంటితేనే పిల్లల ఒళ్లు తడవదని.”

“చెప్పాను. వీటికి తల్లి లేదు కాబట్టి తడపొద్దని కూడా చెప్పాను.”

“తల్లి లేదన్న మాటే నాకు మనసులో నాటుకుపోయింది.”

కోడలు గుప్పెట్లో పొట్టుతోనే వెనక్కి తిరిగింది. తువ్వాల్లోంచి తలనూనె వాసన గుప్పుమంది.

“ఎన్నింటికి రాశారు?”

“ఒకదానికి రాసి ఒకదానికి మానడం ఎందుకని, అన్నింటికీ రాశానమ్మా.”